బ్రేకు పడుతోంది, వదలడమే లేదు

పాత కారంటే బ్రేకులు పడవేమోనని అందరికీ భయం ఉంటుంది. పడిన బ్రేకు వదలకపోతే ఏమవుతుందని ఆలోచించేవాళ్ళు తక్కువ. మా కారుకి వచ్చింది ఆ రెండో రోగం. 2009 మోడల్ చిన్న పెట్రోల్ బండి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. కొన్నప్పటి నుంచీ విశాఖపట్నంలోనే ఉంది, ఎంవీపీ కాలనీలో ఆరుబయట సముద్రపు గాలికి నిలబడి ఉంటుంది. ఈ ఊళ్ళో ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో బాల్కనీకి గ్రిల్లు ఉన్న ప్రతి ఇంటివాళ్ళకీ తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన రేకు బానెట్ మీద పడితే సొట్ట తీయించుకుని నడిచిన బండి ఇది. అలాంటిది ఎడమ ముందు చక్రం దగ్గర మొరాయించింది.

ముందు మైలేజీ తగ్గింది. ఆ తర్వాత బండి ఎడమకి లాగడం మొదలైంది. స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలిస్తే చాలు, ఫుట్‌పాత్ వైపు జరిగిపోయేది. వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు, లాగడం మాత్రం తగ్గలేదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గరికి వస్తూ న్యూట్రల్ చేస్తే ఇదివరకు తనంతట తను దొర్లుకుంటూ లైను దాకా వెళ్ళేది. ఇప్పుడు మధ్యలోనే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతోంది. ఎడమ రిమ్ము నిండా నల్లటి పొడి, కుడి రిమ్ము మీద మామూలుగా ఉండేంతే. సింహాచలం కొండ దిగి వచ్చి బండి ఆపాక కాలిన వాసన కొట్టింది. క్లచ్ వాసనో బ్రేకు వాసనో అని దిగి చూస్తే, ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి.

ఇక్కడ ఒక గుర్తు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తిరగేసి చెప్తారు. మామూలుగా వెళ్తున్నప్పుడే, బ్రేకు మీద కాలు లేకుండానే, బండి ఒక పక్కకి లాగుతుంటే ఆ పక్క చక్రం పట్టేసినట్టు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే ఒక పక్కకి లాగితే, రెండో పక్క బ్రేకు సరిగ్గా పడట్లేదని అనుమానించాలి. మాది మొదటి రకం.

మా సందు చివర మెకానిక్ చక్రం విప్పి "ప్యాడ్లు అయిపోయాయి సార్" అన్నాడు. ప్యాడ్లంటే చక్రంతోపాటు తిరిగే డిస్కుని రెండు పక్కలా నొక్కి ఆపే పలకలు. అబద్ధం కాదు. ఎడమ వైపు లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగిపోయింది. అదే చక్రానికి బయటి ప్యాడ్ బాగానే ఉంది. కుడి చక్రం ప్యాడ్లలో సగానికి పైగా ఉంది. ఒకే బండిలో, ఒకే రోజు వేసిన ప్యాడ్లలో ఒకటి మాత్రమే ఎందుకు అరిగిందన్న ప్రశ్న అతనికి రాలేదు. కొత్త సెట్ వేశాడు. ప్యాడ్లని నొక్కే పిస్టన్‌ని వెనక్కి తోసి, అటూ ఇటూ కదిపి బిగించాడు కాబట్టి కొన్నాళ్ళు హాయిగా దొర్లింది. కొన్ని వారాలు తిరిగేసరికి మళ్ళీ అదే వాసన. ఈసారి "మాస్టర్ సిలిండర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల దాకా నెట్టేది అది. ఇంకో చోట అడిగితే "రెండు కాలిపర్లూ కొత్తవి వేయించేయండి సార్, టెన్షన్ ఉండదు" అన్నారు. కాలిపర్ అంటే పిస్టన్‌నీ ప్యాడ్లనీ పట్టుకుని డిస్కు మీద కూర్చునే ఇనుప గూడు. ఎవరూ ఏదీ పరీక్షించి చెప్పలేదు. అందరూ ఒక సామాను పేరు చెప్పారు, దాని పక్కన ఒక రేటు చెప్పారు.

నాకు వాయిదా వేసే వీలు కూడా లేదు. ప్రైవేటు కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. అది అయ్యాక ఫీజు కట్టి, బండిని తనిఖీకి తీసుకెళ్తే ఇంకో ఐదేళ్ళు పొడిగిస్తారు. ఒక చక్రం పట్టేసిన బండిని తనిఖీకి పట్టుకెళ్ళడం కుదరని పని. పైగా ఇంట్లో అరకు వెళ్దామని గోల. ఎస్.కోట దాటాక మొదలయ్యే ఘాట్‌లో పట్టేసిన బ్రేకుతో దిగితే జరిగేది వాసనతో ఆగదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకునే రకం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 140 డిగ్రీలకి పడిపోతుంది. కాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది, బ్రేకు ఉండదు. వదలని బ్రేకు చివరికి పడని బ్రేకుగా మారేది ఇలాగే.

అందుకని నేనే కూర్చుని చూద్దామనుకున్నాను. కాలేజీ రోజుల నుంచీ స్కూటర్ విప్పే అలవాటు ఉంది, పానాల సెట్టు ఉంది. కొన్నదల్లా దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. కరోనా రోజుల్లో అందరం నుదుటికి పెట్టుకున్నది ఇందుకు పనికిరాదు, జ్వరం దాటిన వేడికి అది చేతులెత్తేస్తుంది. ఏసీ మెకానిక్‌లు వాడేది తీసుకోవాలి. బీచ్ రోడ్డులో రుషికొండ దాకా బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ వెళ్ళి, పక్కకి ఆపి నాలుగు చక్రాలూ కొలిచాను. కుడి ముందు 74 డిగ్రీలు. ఎడమ ముందు 168. వెనక రెండూ గోరువెచ్చన. వెనకవి చల్లగా ఉండడంతో హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీద అనుమానం పోయింది. వానల్లో నానిన పాత కేబుల్ కూడా ఇలాగే పట్టేస్తుంది, అయితే అది పట్టేది వెనక చక్రాలనే. కొలిచేటప్పుడు డిస్కు మెరిసే భాగం మీద కాకుండా మధ్యలో తుప్పు రంగులో ఉండే టోపీ భాగం మీద పెట్టాలి. మెరిసే ఇనుము మీద ఆ మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. చక్రం పట్టేయడానికి కారణాలు రెండు జాతులు. ఒకటి, ఆయిల్ ఒత్తిడి లోపలే ఉండిపోవడం. అంటే కాలు తీసినా ఆయిల్ వెనక్కి వెళ్ళకుండా ఎక్కడో అడ్డు పడింది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు, లేదా చక్రం దగ్గరి రబ్బరు గొట్టం లోపల పొర ఉబ్బిపోయి ఉండొచ్చు. పైకి నిక్షేపంగా కనిపించే గొట్టం కూడా లోపల ఊడి, కాలితో తొక్కితే ఆయిల్‌ని పోనిచ్చి తిరిగి రానివ్వదు. రెండోది, ఒత్తిడి పోయినా ఇనుమే బిగుసుకుని ఉండడం. పిస్టన్ తుప్పు, పిన్నులు కదలకపోవడం, ప్యాడ్లు వాటి గూట్లో ఇరుక్కోవడం, ఇవన్నీ ఈ జాతి. ఈ రెంటిలో ఏదో తేల్చకుండా సామాను కొనడం అంటే లాటరీ టికెట్ కొనడమే.

తేల్చడానికి కావలసింది ఒక చిన్న రింగు పానా. కాలిపర్ వెనక బ్లీడర్ నిపుల్ ఉంటుంది, గాలి తీసేది. బండి వేడిగా ఉండి చక్రం పట్టేసి ఉన్నప్పుడే, చల్లారకముందే చూడాలి. చల్లారాక చాలాసార్లు వదిలేస్తుంది, అప్పుడు చూస్తే ఏమీ తెలియదు. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ముందు ఎడమ వైపు జాకీ ఎత్తి చక్రం తీశాను. తీసిన చక్రాన్ని బండి అంచు కిందకి పడుకోబెట్టి తోశాను. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టే పని ఎవరూ చేయకండి. రెండు నట్లు తిరిగి బిగించి డిస్కుని చేత్తో తిప్పబోతే, రెండు చేతులా బలం పెడితే గానీ కదల్లేదు. నిపుల్‌కి చిన్న పారదర్శక గొట్టం తగిలించి, కొంచెం వదులు చేశాను. ఒత్తిడి ఉండి ఉంటే ఆయిల్ చిమ్మేది, డిస్కు వెంటనే వదులయ్యేది. నాకు నాలుగు చుక్కలు మెల్లగా కారాయి. డిస్కు బిగుతు బిగుతుగానే ఉంది.

అంతే. మాస్టర్ సిలిండర్ నిర్దోషి, గొట్టం నిర్దోషి. కొన్ని వేల రూపాయల సామాను ఆ నాలుగు చుక్కలతో జాబితాలోంచి పోయింది. ఒకవేళ నిపుల్ వదిలితే చక్రం వదిలి ఉంటే, తర్వాత పైకి వెళ్ళాలి. గొట్టం పైకొసని ఇనుప పైపుకి కలిపేచోట వదులు చేసి చూడాలి. అక్కడ వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్ వైపు, అక్కడ వదలకుండా నిపుల్ దగ్గరే వదిలితే గొట్టానిది.

తర్వాత కాలిపర్ విప్పాను. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది జారే కాలిపర్. పిస్టన్ ఒకటే, లోపలి వైపు. అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ నొక్కుడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్నులు స్వేచ్ఛగా జారాలి, పిస్టన్ స్వేచ్ఛగా వెనక్కి పోవాలి. ఏ ఒక్కటి మొరాయించినా బ్రేకు వదలదు.

పై పిన్ను రెండు వేళ్ళతో లాగితే వచ్చేసింది. కింది పిన్ను కదల్లేదు. ఆ పిన్ను చివర ఒక రబ్బరు బుష్ ఉంటుంది, గడగడలాడకుండా. పానా పెట్టి అటూ ఇటూ మెలితిప్పి, తిప్పి, చివరికి లాగితే గాలి పీల్చిన చప్పుడుతో ఊడొచ్చింది. బుష్ వానాకాలం తలుపులా ఉబ్బి గూట్లో ఇరుక్కుపోయింది. చుట్టూ గోధుమరంగు చిక్కటి గ్రీజు, వీల్ బేరింగులకి పెట్టేది. ఎప్పుడో ఏదో సర్వీసులో ఎవరో శ్రద్ధగా, దండిగా పూశారు. అదే దాన్ని చంపింది. బ్రేకుల్లో వాడే రబ్బరుకి పెట్రోలియం నూనె పడదు. మామూలు గ్రీజు, డీజిల్, కిరసనాయిలు, ఇంజనాయిల్, ఏది తగిలినా ఉబ్బుతుంది. అసలు గ్రీజే పెట్టకపోయి ఉంటే పిన్ను గీరుకుపోయేది, శబ్దం చేసేది, ఎవరో ఒకరు చూసేవారు. తప్పు గ్రీజు మొదటి నెలలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సంవత్సరం తర్వాత పట్టేస్తుంది. పూసిన మనిషికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. నా దృష్టిలో పాత బండ్ల బ్రేకు జబ్బుల్లో ఇది వయసు వల్ల వచ్చినదానికంటే వైద్యం వల్ల వచ్చిన జబ్బు.

పిన్ను దొరికింది కదా అని అక్కడితో ఆపేయడానికి మనసొప్పలేదు. లోపలి ప్యాడ్ అంతగా అరిగిందంటే పిస్టన్ కూడా చూడాలి. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి-క్లాంప్‌తో పిస్టన్‌ని లోపలికి నొక్కాను, నిపుల్ తెరిచి పెట్టి. నిపుల్ మూసి నొక్కితే ఆ మురికి ఆయిల్ అంతా వెనక్కి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్తుంది, పైన డబ్బా పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. మంచి పిస్టన్ నెమ్మదిగా, సమానంగా లోపలికి వెళ్ళాలి. ఇది మొదట రానంది, తర్వాత జెర్కుతో వెళ్ళింది. దుమ్ము ఆపే రబ్బరు తొడుగు ఒక పక్క చిరిగి ఉంది, దాని కింద పిస్టన్ చుట్టూ ఎర్రటి వలయం.

పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ ఉండదన్నది చాలామందికి తెలియని విషయం. ఆ పని చేసేది లోపల ఉండే చదరపు అంచుల రబ్బరు సీలు. బ్రేకు నొక్కినప్పుడు పిస్టన్‌ని పట్టుకుని దానితోపాటే కొంచెం వంగుతుంది. కాలు తీయగానే మళ్ళీ నిటారుగా అవుతూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఆ వెంట్రుకవాసే బ్రేకు వదలడం అంటే. సీలు గాడిలో తుప్పు, ఎండిపోయిన ఆయిల్ గడ్డకట్టి చేరితే అది సీలుని వెనక నుంచి నెడుతుంది. సీలు పిస్టన్‌ని మరీ గట్టిగా పట్టుకుంటుంది, వంగడానికి చోటు ఉండదు, వెనక్కి లాగలేదు.

పిస్టన్ బయటికి తీయడానికి కొందరు కంప్రెసర్ గాలి పెడతారు. గాలికి అది తుపాకీ గుండులా వస్తుంది, వేలు అడ్డం ఉంటే అంతే సంగతులు. గొట్టం విప్పకముందే, కాలిపర్ నోట్లో కర్ర ముక్క అడ్డం పెట్టి, బ్రేకు పెడల్‌నే మెల్లగా తొక్కిస్తే ఆయిల్ ఒత్తిడికి అదే బయటికి వస్తుంది. ఈ పనికి మా బావమరిది దొరికాడు. ఆదివారం భోజనానికి వచ్చినవాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. "బావా, తొక్కమంటే తొక్కాలి, ఆపమంటే ఆపాలి, అంతేగా?" అన్నాడు. అంతే.

పిస్టన్ వచ్చాక గొట్టం విప్పాలి. విప్పితే పైన డబ్బాలో ఆయిల్ అంతా కారిపోతుంది. దానికో ఉపాయం ఉంది. పెడల్‌ని కొంచెం లోపలికి నొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర బిగిస్తే మాస్టర్ సిలిండర్‌లో ఆ చిన్న రంధ్రం మూసుకుపోయి కారడం ఆగుతుంది. బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ మైనస్ తీసేయాలి, లేదంటే పొద్దున్నకి బ్యాటరీ పడుకుంటుంది. కాలిపర్ గొట్టానికి వేలాడకుండా చూసుకోవాలి. ఆ బరువుకి గొట్టం లోపల తెగుతుంది, అప్పుడు మళ్ళీ కొత్త కథ.

పాత పిస్టన్, పిన్ను, బుష్ ఒక కవర్లో వేసుకుని గాజువాక ఆటోనగర్ వెళ్ళాను. కౌంటర్ దగ్గర పెద్దాయన బండి పేరు, సంవత్సరం అడిగి, ఆ తర్వాత "కాలిపర్ మీద అచ్చు ఏముంది బాబూ?" అన్నారు. ఒకే మోడల్ బండికి ఇద్దరు వేర్వేరు తయారీదార్ల కాలిపర్లు వచ్చి ఉండొచ్చు, పిస్టన్ సైజు తేడా ఉంటుంది. అందుకే సామాను చేతిలో పట్టుకెళ్ళడం. ఆయన పిస్టన్‌ని గుడ్డతో తుడిచి, ట్యూబ్‌లైట్ కింద పెట్టి, బొటనవేలి గోరుతో నిలువుగా గీశారు. పైన మరక ఉన్నచోట గోరు జారిపోయింది. ఇంకాస్త కిందకి, సీలు కూర్చునే చోట, గోరు టక్కున ఆగింది. "మరకైతే రుద్దుకోవచ్చండి. గోరు ఆగిందంటే గుంత. సీలు కొత్తది వేసినా అక్కడ కోసేస్తుంది" అని పిస్టన్ కూడా కొత్తది తీసి పెట్టారు. సీలు కిట్టు వందల్లోనే అయింది. పిస్టన్, పిన్నుల కిట్టు, రాగి వాషర్లు, సిలికాన్ గ్రీజు, సీలు విప్పని డాట్ 3 డబ్బా అన్నీ కలిపినా కొత్త కాలిపర్ జతకి చెప్పిన రేటులో పావు వంతుకి లోపే. బ్రేక్ ఆయిల్ లూజుగా ఇస్తామన్నా, సగం వాడిన డబ్బా ఇంట్లో ఉన్నా వాడొద్దు. మూత తీసిన నాటి నుంచీ అది తేమ తాగుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక కడగడమే సగం పని. అలవాటుగా అందరూ పెట్రోలు గిన్నె తీసుకొస్తారు. రబ్బరు కూర్చోబోయే చోట పెట్రోలు, డీజిల్ వద్దు. బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడాను, ఆఖరుగా కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగాను. ప్యాడ్ల పొడిని నోటితో ఊదకూడదు, పాత ప్యాడ్లలో ఏముందో ఎవరికి తెలుసు, తడిపి తుడవాలి. సీలు గాడిలో గట్టిపడిన మట్టిని ఇనుప ములుకుతో గీకితే గాడి దెబ్బతింటుంది. కొబ్బరి చీపురు పుల్ల చివర చదునుగా చెక్కి దాంతో గీకితే ఎంత వచ్చిందంటే, కాగితం మీద చిటికెడు ఎర్రటి పొడి పోగయింది. ఆ చిటికెడు పొడే పిస్టన్‌ని వెనక్కి రానివ్వనిది. లోపలి గోడ మాత్రం నున్నగానే ఉంది. అక్కడ కూడా గుంతలుంటే కాలిపర్ మార్చక తప్పేది కాదు.

కొత్త సీలుకి బ్రేక్ ఆయిల్ రాసి గాడిలో మెలిక పడకుండా కూర్చోబెట్టి, పిస్టన్‌కి కూడా ఆయిల్ రాసి, వంకర లేకుండా బొటనవేళ్ళతో నొక్కితే దిగిపోయింది. క్లాంప్ అక్కర్లేకపోయింది. దిగకపోతే వంకరగా పెట్టినట్టే, తీసి మళ్ళీ పెట్టాలి, సుత్తి జోలికి పోకూడదు. ప్యాడ్ల చెవులు కూర్చునే రేకు క్లిప్పుల కింద తుప్పు పొర లేచి గూడు ఇరుకు చేసింది, ఆకురాయితో దాన్ని తీసేశాను. ప్యాడ్ చేత్తో తోస్తే కదలాలి, అంతకంటే బిగుతుగా ఉండకూడదు. పిన్నులకి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, బుష్ ఉన్నది కిందకి, లేనిది పైకి, ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. వీటిని తారుమారు చేసి పెట్టేవాళ్ళు ఉన్నారు.

గాలి తీయడానికి మళ్ళీ బావమరిదే. పాత బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కకూడదు. మాస్టర్ సిలిండర్ లోపల రోజూ తిరగని భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి, సీలు అక్కడి దాకా వెళ్తే చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్‌ని ఇలా గాలి తీస్తూ పాడుచేసి, "చూశారా, అదే పోయింది" అనడం కూడా జరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టాను. "తొక్కి పట్టుకో", "వదులు" అంటూ సాగింది. నిపుల్ తెరిచి ఉన్నంతసేపూ కాలు తీయకూడదు, తీస్తే గాలి వెనక్కి పీలుస్తుంది. ముందు నల్లటి ఆయిల్ వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత తేటగా. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా మధ్యమధ్యలో పోస్తూ ఉండాలి. మిగతా మూడు చక్రాల్లోనూ పాత ఆయిల్ తీసేసి కొత్తది నింపాం. రెండేళ్ళకోసారి మార్చాల్సింది, ఎప్పుడు మార్చారో బిల్లుల్లో ఎక్కడా లేదు. ఆకలేస్తోందని బావమరిది గొణిగాడు గానీ నాలుగో చక్రం అయ్యేదాకా కదల్లేదు.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా ఆగి ఆగి తొక్కాలి. పిస్టన్ లోపలికి నొక్కి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడికి బ్రేకు ఉండదు. ఇది తెలియక షెడ్డులోంచి రివర్సులో నేరుగా గోడకి వెళ్ళిన బండ్లున్నాయి. ఇంజను ఆపి చేత్తో తిప్పితే చక్రం సన్నగా రాసుకుంటూ తిరిగింది. ఆ మాత్రం రాపిడి డిస్కు బ్రేకులో ఎప్పుడూ ఉంటుంది.

మళ్ళీ రుషికొండ దాకా అదే దారి, అదే పద్ధతి. ఎడమ 71, కుడి 78. బండి ఎడమకి లాగడం లేదు, రిమ్ము మీద పొడి మామూలైంది, మైలేజీ మెల్లగా పాత లెక్కకి వచ్చింది. తనిఖీకి తీసుకెళ్తే ఆ పని కూడా గొడవ లేకుండా అయిపోయింది.

కుడి చక్రం 78 దగ్గర ఉండడం చూసి దాన్ని కూడా విప్పాను. అనుకున్నట్టే రెండు పిన్నులకీ అదే గోధుమరంగు గ్రీజు. బుష్ ఉబ్బింది గానీ ఇంకా కదులుతోంది. పిస్టన్ నున్నగా ఉంది, తొడుగు చిరగలేదు. పిన్నుల కిట్టు మాత్రం మార్చి మూసేశాను. సందు చివరి మెకానిక్‌కి ఉబ్బిన బుష్ చూపించి ఆ గ్రీజు సంగతి చెప్తే, "ఏ గ్రీజైనా గ్రీజే కదా సార్, అందరం అదే పెడతాం" అన్నాడు. నా దగ్గర మిగిలిన సిలికాన్ గ్రీజు ట్యూబు అతనికే ఇచ్చేశాను.

వెనక డ్రమ్ములు ఇంకా తెరవలేదు. హ్యాండ్ బ్రేకు ఇదివరకటి కంటే ఎక్కువ పైకి లాగాల్సి వస్తోంది. షూలు (డ్రమ్ములో రాసుకునే పలకలు), వీల్ సిలిండర్ కప్పులు (అక్కడ ఆయిల్ ఆపే రబ్బర్లు) ఎలా ఉన్నాయో చూడాలి. బావమరిది మళ్ళీ భోజనానికి వచ్చే ఆదివారం పెట్టుకున్నాను. వాడికి ఇంకా చెప్పలేదు.